కొన్న ఇంట దొరికిన ధనం – స్వత్వ విచారణ

పాత గృహాలు త్వరత్వరగా చేతులు మారుతున్న కాలం ఇది. గోదావరి మండలాల్లో మండువా లోగిళ్ళను కొన్నవారు వాటిని పడగొట్టి కొత్త భవనాలు కట్టుకుంటున్నారు. ఆ సందర్భంలో ఒక్కొక్కచోట అటక మీద, పూడ్చివేసిన గోడగూటిలో, ధాన్యపు గాదె అడుగున ఎవరో ఎప్పుడో దాచిన సొమ్ము బయటపడుతున్నది. దొరికినవారిలో ధర్మభీతి కలవారు అర్చకుని వద్దకు వస్తారు. వారి ప్రశ్న ప్రాయికంగా ఒక్కటే: "ఇందులో స్వామివారికి ఎంత సమర్పిస్తే దోషం ఉండదు?"

నా అభిప్రాయం ముందే నివేదిస్తాను. ఆ ప్రశ్నలోనే దోషం ఉన్నది. ధర్మశాస్త్రంలో 'స్వామి' అంటే సొమ్ముగలవాడు అని అర్థం. గర్భాలయంలోని స్వామికి ఎంత అన్న విచారణకు ముందు ఆ ధనానికి స్వామి ఎవరన్న విచారణ జరగాలి.

ఒక వస్తువు మీద మనిషికి స్వత్వం ఎట్లా కలుగుతుందో గౌతమ ధర్మసూత్రం ఐదు మార్గాలుగా చెప్పింది: వారసత్వం, క్రయం, విభాగం, పరిగ్రహం, అధిగమం. అధిగమం అంటే దొరకడం. అంటే దొరికినది దొరికినవానికి చెందడం శాస్త్రానికి సర్వథా అపరిచితమైన విషయం కాదు. కాని ఆ మార్గం స్వామి ఎవరో తెలియని ధనానికి మాత్రమే వర్తిస్తుంది. భూమిలో చిరకాలం దాగి, ఎవరిదో చెప్పగలవారు మిగలని దానినే వ్యాఖ్యాతలు నిధి అన్నారు. నిన్నటిదాకా మూడు తరాలవారు కాపురమున్న ఇంటి గోడలో దొరికినది నిధి ఎట్లా అవుతుంది? అది మరచిపోయిన సొమ్ము. దాని స్వామి చిరునామా మన క్రయపత్రం మొదటి పుటలోనే ఉన్నది.

ఇక్కడ కొందరు ఆ క్రయపత్రాన్నే చూపుతారు. మన ప్రాంతపు పాత దస్తావేజుల్లో అష్టభోగాలు అనే మాట ఉంటుంది. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అనే ఎనిమిదింటితో సహా అమ్మినట్లు వ్రాస్తారు. "నిధినిక్షేపాలతో సహా కొన్నాను గదా" అని వాదం. ఈ వాక్యం అగ్రహారాలిచ్చిన రాజుల శాసనాల నుండి దిగివచ్చినది. భూగర్భంలోని నిధి మీద రాజుకు హక్కు ఉండేది గనుక, ఆయన దానిని దానగ్రహీతకు ఇవ్వగలిగాడు. నాలుగు గదుల ఇల్లు అమ్ముకునే గృహస్థుకు ఆ రాజాధికారం ఎక్కడిది? ఇక అతని సొంత పూర్వుల సొమ్ము మాటకొస్తే, దస్తావేజు లేఖరి అలవాటుగా వ్రాసిన పంక్తి కింద, గోడలో ఏమున్నదో ఎరుగక అతడు సంతకం చేశాడు. పొరపాటున ఇచ్చినది ఇచ్చినట్లు కాదని నారదస్మృతి దానప్రకరణంలో పరిగణించింది. విక్రయానికీ ఆ న్యాయమే చెల్లాలని నా భావన. న్యాయస్థానంలో ఆ పంక్తి నిలుస్తుందో నిలవదో న్యాయవాదులు చెప్పాలి. అంతరాత్మ ముందు నిలవదని నేను చెప్పగలను.

కలియుగ ప్రవేశాన్ని వర్ణిస్తూ పౌరాణికులు ఒక కథ చెబుతుంటారు. పొలం కొన్నవానికి నాగలిచాలులో బిందె దొరికింది. "నేను మన్ను కొన్నాను గాని బంగారం కొనలేదు" అని కొన్నవాడు, "అమ్మిన మన్నులో ఉన్నదంతా నీదే" అని అమ్మినవాడు ధర్మరాజు సభకు వెళ్ళారట. కలి ప్రవేశించగానే ఇద్దరూ మాట మార్చి నాదంటే నాదన్నారట. శ్రోతలు రెండవ భాగానికి నవ్వుతారు. నాకు మొదటి భాగంలోని కొన్నవాని వాక్యమే ముఖ్యం. క్రయపు సరిహద్దును అతడు ఒక్క మాటలో గీశాడు.

కొంతకాలం క్రిందట మా ఆలయానికి వచ్చే ఒక గృహస్థు ఇటువంటి సందిగ్ధంతోనే వచ్చారు. ఆయన కొన్న ఇంటి గోడగూటిలో పసుపుగుడ్డతో మూతి కట్టిన ఇత్తడి చెంబు దొరికింది. లోపల కాసులపేరు, ఒక జత మురుగులు, చంటిబిడ్డ వెండి మొలతాడు. "పంతులుగారూ, అమ్మవారికి హారం చేయించి మిగిలింది ఉంచుకోవచ్చునా?" అన్నారు. "ఆ మొలతాడు ఏ బిడ్డదో కనుక్కున్నారా బాబూ?" అని అడిగాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

అమ్మినవారికి తిరిగి ఇస్తే సరిపోతుందని ఆయన తరువాత అన్నారు. అక్కడా ఒక చిక్కు ఉన్నది. మన ఇళ్ళలో గోడల్లో దాగిన బంగారం పురుషులది కావడం అరుదు. భర్తకూ అత్తింటివారికీ తెలియకుండా, ఆపదకు అక్కరకు వస్తుందని స్త్రీ దాచుకున్నదే ఎక్కువ. అది స్త్రీధనం. తల్లి సొమ్ము కూతుళ్ళకు చెందుతుందని యాజ్ఞవల్క్యుడు విధించాడు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం కుమారులను, కుమార్తెలను, భర్తను ఒకే వరుసలో నిలిపింది. ఏ లెక్కన చూచినా ఇల్లు అమ్మిన మనుమని చేతిలో చెంబు పెట్టి వచ్చినంత మాత్రాన ఋణం తీరదు. ఆ ఇంటి ఆడపడుచులకు కూడా కబురు వెళ్ళాలి. ఇల్లు అమ్మినప్పుడు సంతకానికి మాత్రమే పిలిపించిన ఆడపడుచులను ఇప్పుడు ఎవరు పిలుస్తారు? కొన్నవాడే పిలవాలి. ఆయన పిలిచారు. ఇద్దరు వచ్చారు. పెద్దావిడ కాసులపేరు ముట్టుకోక ముందు మొలతాడు చేతిలోకి తీసుకున్నదని ఆయనే నాకు చెప్పారు.

ఇక నిజంగా నిధి అయినప్పుడు సంగతి వేరు. ఎవరివో తెలియని ప్రాచీన నాణేలు పునాది తవ్వకంలో బయటపడితే, దాచకుండా రాజుకు నివేదించడమే స్మృతులన్నింటి ఆదేశం. నివేదించినవానికి ఆరవ భాగం అన్నాడు యాజ్ఞవల్క్యుడు. నివేదించక పట్టుబడితే ధనమూ పోతుంది, దండనా తప్పదు. కౌటిల్యుడు మరింత సూక్ష్మంగా చూచాడు: తన పూర్వులదని రుజువు చేయగల నిజాయితీపరునికి మొత్తం దక్కుతుంది, గుప్తంగా తీసుకున్నవానికి వెయ్యి పణాల దండన. విద్వాంసుడైన బ్రాహ్మణుడు నిధిని పూర్తిగా గ్రహించవచ్చునని మనువు అనలేదా అని నన్ను అడిగినవారున్నారు. అన్నాడు. ఆ శ్లోకాన్ని తనకు అన్వయించుకునేవాడు విద్వాంసుడు కాడని నా మనవి.

నేడు రాజస్థానంలో కలెక్టరు ఉన్నారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో గాని, భూమికి అంటి ఉన్న కట్టడంలో గాని దాగిన, పది రూపాయల విలువ మించిన ఏ నిధినైనా తెలియజేయాలి. దాచినవానికి ఏడాది వరకు కారాగారవాసం పడవచ్చు. స్వామి లేనిదని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు, కనుగొన్నవానికి మూడు వంతులు, స్థలం గలవానికి ఒక వంతు. ఇల్లు కొన్నవారు ఈ నియమాన్ని శ్రద్ధగా చదవాలి. కనుగొన్నది ఎవరు? గోడ మీద గునపం వేసిన కూలివాడు కాడా? భృతకుడు తెలిపితే పన్నెండవ భాగం ఇమ్మని కౌటిల్యుడు అతనిని ప్రత్యేకంగా స్మరించాడు. మనం మాత్రం అతని చేతిలో ఐదు వందలు పెట్టి, ఎవరితోనూ అనకు అంటాము.

స్వామివారి భాగానికి వస్తాను. పరధనంలో భాగం దేవునికి ఇస్తే మిగిలినది పవిత్రమవుతుందన్న భావన ఏ ఆగమంలోనూ నాకు కనిపించలేదు. దేవుణ్ణి భాగస్వామిని చేసుకుంటే ధైర్యం కలుగుతుంది, అంతే. అటువంటి హారాన్ని నేను అమ్మవారి కంఠాన వేయను. దొరికినది దేవతామూర్తి గాని, ఆలయాభరణం గాని అయితే అది దేవస్వం. దానిని పూజగదిలో పెట్టుకోవడం కూడా స్వీకరించడమే. పాముల కాపలా, లంకెబిందెల శాపం, బలి అంటూ వచ్చే మంత్రగాళ్ళ మాటలకు శాస్త్రంలో చోటు లేదు. వారి ప్రోద్బలంతో పెకలించబడిన నందులు మన శిథిలాలయాల్లో చాలినన్ని ఉన్నాయి.

దొరికిన రోజున చేయవలసిన పని చిన్నది. ఇద్దరు పెద్దమనుషుల ఎదుట జాబితా వ్రాయించి, సంతకాలు తీసుకుని, కదపకుండా భద్రపరచండి. ఛాయాచిత్రాలు వాట్సాప్‌లో తిప్పకండి. తనదని వచ్చినవాడు రూపం, సంఖ్య చెప్పగలగాలని మనువు నియమం. బొమ్మ ఊరంతా చూచాక ఆ పరీక్షకు విలువ ఉండదు. స్వామి కనబడని పోయిన సొమ్మును రాజు మూడేళ్ళు కాపాడి ఉంచాలని కూడా ఆయనే అన్నాడు. మన గృహస్థులు గృహప్రవేశం నాటికే తేల్చివేయాలని తొందరపడుతున్నారు.