కన్నడ అక్షరాల్లో తెలుగు పద్యం చదివితే తప్పేముంది?

బెంగళూరులోనో కోలారులోనో బళ్ళారిలోనో పదిమంది తెలుగువాళ్ళు చేరి, తలా ఒక ఇష్టమైన పద్యం చదువుకుందామని కూర్చుంటే, తరచుగా వినిపించే మాట ఒకటుంది: “తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఇట్లా ముందుకు రండి.” ఆ మాట అన్నవాళ్ళ మనసులో చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. కానీ ఆ ఒక్క మాటతో కూటం రెండు ముక్కలవుతుంది. ముందు వరసలో అరవై దాటిన నలుగురైదుగురు పెద్దవాళ్ళు. వెనక వరసలో మేము, మా చెల్లెళ్ళు, మా పిల్లలు. పొద్దున లేచింది మొదలు ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అయినా చదవడం రాదు గనక చప్పట్లు కొట్టడమే మా వంతు.

మా తరం చదివింది కన్నడ మీడియంలో. బడిలో మొదటి భాష కన్నడ, తర్వాత ఇంగ్లీషు, హిందీ. తెలుగు ఇంట్లో, పెళ్ళిళ్ళలో, పండగల్లో. మాలో కొందరం పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్నాం, చాలామందికి ఆ వీలు కుదరలేదు. అందుకని మేము అడిగేది ఒకటే. కూటంలో చదివే పద్యాన్ని కన్నడ అక్షరాల్లో రాసుకొని వచ్చినా అది తెలుగు పద్యమే. చదవనివ్వండి.

ఇది కొత్త సంగతేమీ కాదు. ఈ రెండు లిపులూ ఒక తల్లి బిడ్డలు. 10వ శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు జినవల్లభుడు కరీంనగర్ వైపు కుర్క్యాల గుట్ట మీద ఒక శాసనం చెక్కించాడు. అందులో సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్నాయి. తెలుగు భాగమంతా కంద పద్యాలే. లిపి మాత్రం అప్పటి ఉమ్మడి తెలుగు-కన్నడ లిపే. తెలుగు కందాల్లో మనకు తెలిసిన తొలినాటివాటిని ఒక కన్నడ కవి తమ్ముడు చెక్కించాడంటే, ఈ లిపుల మధ్య అంత ఎత్తు గోడ కట్టాల్సిన పనేముంది?

ఇప్పటికీ గ, ద, న, బ, ల లాంటివి రెండు లిపుల్లో దాదాపు ఒకటే. తలకట్టు తీరు వేరు, క, త లాంటి కొన్ని అక్షరాల రూపం వేరు. కన్నడ బడిలో చదివినవాళ్ళు తడబడేది ‘ధర్మం’ లాంటి మాటల దగ్గర. కన్నడలో ఆ రేఫ అక్షరం తర్వాత కుడిపక్కన గుర్తుగా కూర్చుంటుంది. పాత తెలుగు అచ్చు పుస్తకాల్లోనూ అట్లాగే ఉండేది, దాన్ని వలపలగిలక అనేవారు. మనవాళ్ళు వదిలేశారు, కన్నడంవాళ్ళు ఉంచుకున్నారు. అంతే తేడా.

మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసేవాళ్ళం గనక ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. యూనికోడ్‌లో తెలుగు ‘క’ సంఖ్య 3093. కన్నడ ‘క’ సంఖ్య 3221. తేడా 128. ఏ కొద్ది అక్షరాలో తప్పితే మిగతా అన్నిటికీ అదే తేడా. అంటే తెలుగు పద్యాన్ని కన్నడ అక్షరాల్లోకి మార్చడం కంప్యూటరుకు ఒక కూడిక లెక్క. పాత పుస్తకాల్లోని అరసున్నలు వదిలేసుకోవచ్చు. ఈ కాలపు పలుకులో వాటికి ధ్వని లేదు, గణాల లెక్కా మారదు.

సంగీతం సంగతి చూడండి. త్యాగరాజస్వామి తిరువయ్యూరులో కూర్చుని తెలుగులో కీర్తనలు చేశారు. ఈనాటికీ పుష్య బహుళ పంచమి నాడు అక్కడ ఆరాధనలో గొంతు కలిపేవాళ్ళలో ఎంతోమందికి తెలుగు అక్షరాలు రావు. తమిళంలో, కన్నడంలో, మలయాళంలో అచ్చైన పుస్తకాలు చూసి నేర్చుకున్నవాళ్ళే. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. అయినా గురువు నోట విని పలుకు దిద్దుకుంటారు. వాళ్ళను తెలుగు రాని వాళ్ళని ఎవరూ పక్కన కూర్చోబెట్టలేదు. అట్లా కూర్చోబెట్టి ఉంటే ఆ కీర్తనలు ఇంతదూరం వచ్చేవా?

పద్యం కూడా చెవి కోసం కట్టిందే. కందం, ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం, మత్తేభం తెలుగుకూ కన్నడానికీ ఉమ్మడి సొత్తు. పాదంలో రెండో అక్షరం కలిసే ప్రాస రెండు చోట్లా ఉంది. తెలుగులో యతి ఒకటి ఎక్కువ. పాదం మొదటి అక్షరం మధ్యలో ఒకచోట మళ్ళీ పలకరిస్తుంది. కన్నడ పద్యాలు కంఠపాఠం చేసిన మా చెవికి తెలుగు పద్యంలో కొత్తగా తగిలేది అదే. ఆ అందం పైకి చదివితేనే తెలుస్తుంది, ఏ అక్షరాల్లో రాసుకున్నా తెలుస్తుంది.

పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న న్యాయమైనదే: “ఇట్లా అయితే మన అక్షరాలు నేర్చుకునేదెవరప్పా?” నిజమే. లిపి రాకపోతే అచ్చైన తెలుగు పుస్తకాలన్నీ మూసిన తలుపులే. ఏ పద్యం చదవాలో కూడా ఇంకొకరు ఏరి ఇవ్వాల్సిందే. అది చిన్న నష్టమేమీ కాదు. అయినా నోటికి వచ్చిన పద్యం ఎదురుగా తెలుగు అక్షరాల్లో కనిపిస్తే తర్వాతి మాట ఏదో ముందే తెలుసు గనక కన్ను తొందరగా పట్టుకుంటుంది. ముందు అక్షరాలు, తర్వాతే పద్యం అంటే మాత్రం చాలామంది గుణింతాల దగ్గరే ఆగిపోతారు. వాళ్ళ పిల్లలు కూటానికే రారు.

కాబట్టి కాగితం మీద రెండు వరసలుగా అచ్చు వేద్దాం. ఎడమపక్క తెలుగు, కుడిపక్క కన్నడ అక్షరాలు. చదివేవాళ్ళ చూపు మొదట కుడిపక్కనే ఉంటుంది. చదవగా చదవగా ఎడమపక్కకూ జరుగుతుంది.

మన కన్నడ నాట గమకం అని చక్కటి పద్ధతి ఒకటుంది. ఒకరు కుమారవ్యాస భారతం రాగంతో చదువుతారు, పక్కన ఇంకొకరు అర్థం చెబుతారు. శివమొగ్గ దగ్గర హొసహళ్ళి దానికి పేరుపడ్డ ఊరు. ఆ పద్ధతి మన కూటాల్లోకీ తెచ్చుకుందాం. చదివేది కన్నడ బడిలో చదివిన పిల్లో, కోడలో. అర్థం చెప్పేది ఆ పద్యం చిన్నప్పుడు విన్న అవ్వో తాతో. ఇద్దరికీ పని ఉంటుంది, ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు.

ఇంకో రెండు మాటలు. చదువుతూ ఉంటే మధ్యలో ఆపి పలుకు దిద్దవద్దు. పూర్తయ్యాక పెద్దవాళ్ళు ఒకసారి చదివి వినిపిస్తే చాలు, చెవే దిద్దుకుంటుంది. మన తెలుగులో కన్నడ యాస ఉందని నవ్వవద్దు. పద్యం ఎందుకు నచ్చిందో రెండు ముక్కల్లో చెప్పమని అడగండి. అది వేమన పద్యమైనా, పోతన పద్యమైనా, నిన్నగాక మొన్న ఎవరో రాసిన వచన కవితైనా సరే.

ముందు వరసలో కూర్చునే పెద్దవాళ్ళు ఎల్లకాలం ఉండరు. వాళ్ళ నోట ఉన్న పద్యాలు మన నోటికి రావాలంటే వాళ్ళు ఉండగానే రావాలి. వచ్చే కూటానికి మీ ఇంట్లో తెలుగు అక్షరాలు రాని ఒకరి చేత ఒక పద్యం కన్నడంలో రాయించి తీసుకురండి. మేమూ తెస్తాం.