చేపపిల్లకూ ఒక పాస్‌బుక్కు



పోయిన సంచికలో బంగారం తాకట్టు రుణాల గురించి రాస్తే, "మీ బ్యాంకు గొడవలు ఎప్పుడూ ఉండేవే, ఈసారి ఏదైనా రుచికరమైన విషయం రాయండి" అని ఒక సోదరి ఉత్తరం రాశారు. సరే, ఈసారి చేప గురించి రాస్తున్నాను. శాకాహారులు మన్నించాలి. తిరిగి తిరిగి ఇదీ అప్పు దగ్గరికే వస్తుంది, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మొన్న మా అమ్మాయి అమెరికా నుంచి ఫోను చేసి, సాల్మన్ చేపతో పులుసు పెట్టానని చెప్పింది. "అదేం చేపే? మన పులస లాంటిదా?" అని అడిగింది మా శ్రీమతి. ఆవిడది రాజమండ్రి దగ్గర పల్లెటూరు. పెళ్లై సింధనూరు పక్కన మా క్యాంపుకి వచ్చి ముప్పై ఏళ్లయినా, ఏ చేపనైనా గోదావరి చేపతోనే పోల్చి చూస్తుంది. ఒక విధంగా ఆవిడ అన్నది నిజమే. పులస సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి వరద గోదారికి ఎదురీదుతుంది. సాల్మన్ కూడా ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, మళ్లీ తాను పుట్టిన ఏటినే వెతుక్కుంటూ వస్తుంది. పుట్టిన ఏటి నీటి వాసనను చిన్నతనంలోనే గుర్తుపెట్టుకుంటుందని అమెరికాలో ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త 1950ల నుంచి చేసిన పరిశోధనల్లో తేలింది. అంతమాత్రాన రెండూ చుట్టాలు కావు, వేర్వేరు కుటుంబాల చేపలు.

అయితే మా అమ్మాయి కొన్న సాల్మన్ బహుశా ఏ ఏటికీ ఎదురీది ఉండదు. అట్లాంటిక్ సాల్మన్ పేరుతో అక్కడి బజారులో దొరికేది దాదాపు అంతా పెంపకం చేపే. ఒడ్డున మంచినీటి తొట్టెల్లో గుడ్లు పొదిగించి, పిల్ల ఉప్పునీటికి తట్టుకునే దశకు రాగానే సముద్రంలో అమర్చిన వల పంజరాల్లోకి వదులుతారు. నార్వేలోని హిత్రా దీవి దగ్గర 1970లో ఇద్దరు అన్నదమ్ములు ఇలా పెంచి చూపించారు. ఈ పెంపకం నిలదొక్కుకోవడానికి వలలు ఒక్కటే చాలలేదు. చేప వంశానికి పద్దు రాయడం కూడా కావలసి వచ్చింది. ఆ పద్దు విలువ నాకు తెలిసింది నార్వే గురించి చదివి కాదు, మా క్యాంపులో ఒక చెరువు గట్టు మీద.

మా నాన్నగారి తరం వాళ్లు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి తుంగభద్ర ఎడమ కాలువ కింద నల్లరేగడి భూములు కొన్నారు. వరి పండించారు. కొన్నాళ్లకు పల్లపు చేలల్లో ఊట చేరి చౌడు తేలింది. వరి ఎదగని అలాంటి నేలల్లో కొందరు చేపల చెరువులు తవ్వించారు. నేను సింధనూరు వైపు బ్రాంచీలో ఉన్నప్పుడు మా క్యాంపు పెద్దాయన ఒకరు ఐదెకరాల చౌడు నేలలో చెరువుకి అప్పు అడిగారు. వరసకు నాకు బాబాయి. బయట "అబ్బాయ్" అని పిలుస్తారు గాని, బ్యాంకు గుమ్మం ఎక్కితే "ఆఫీసరు గారూ" అనే అంటారు. అప్పు మంజూరు చేసింది నేనే.

మొదటి పంట బాగానే వచ్చింది. రెండో పంటలో ఏడాది తిరిగినా శీలావతి కిలో తూగాల్సింది అరకిలో దాటలేదు. మేత చాలడం లేదనుకుని తవుడూ చెక్కా పెంచారు. తినని మేత అడుగున కుళ్లింది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆకలనుకుని ఇంకొంచెం వేశారు పాపం, వరి రైతు కదా! అది ఆకలి కాదు, ఊపిరి అందకపోవడం. పగలు ఆక్సిజన్ ఇచ్చే నీటి నాచే రాత్రి దాన్ని పీల్చుకుంటుంది. కుళ్లిన మేత మిగిలింది కూడా హరిస్తుంది. అందుకే తెల్లవారే వేళకు చెరువులో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. సగం చేప పోయింది. మరుసటి వారం ఆయన పిన్ని గారి గొలుసూ గాజులూ రుమాల్లో కట్టుకుని వచ్చి నా బల్ల మీద పెట్టారు. "ఇంకొక్క పంటకి ఇప్పించండి ఆఫీసరు గారూ" అన్నారు. ఆ పిన్ని చేతి అన్నం నేను చిన్నప్పుడు ఎన్నిసార్లు తిన్నానో లెక్క లేదు. ఆ రుమాలు విప్పబుద్ధి కాలేదు.

తెలిసిన మత్స్యశాఖ అధికారి ఒకాయన్ని వెంటబెట్టుకుని చెరువుకి వెళ్లాను. మా వైపు మీనుగారికె ఇలాఖా అంటారు. ఆయన నీళ్లు చూశాడు, వల వేయించి నాలుగు చేపలు చూశాడు. చూసి ఒక్కటే అడిగాడు: "మీను మరి ఎల్లింద తంద్రి?" చేపపిల్ల ఎక్కడి నుంచి తెచ్చారని. బాబాయి నీళ్లు నమిలారు. "ఎవరో లారీలో తెచ్చాడండి. చవగ్గా ఇచ్చాడు."

నాకు తల కొట్టేసినట్టయింది. మా అప్పు దరఖాస్తులో చెరువు లోతుకు గడి ఉంది, తవ్వకం ఖర్చుకు ఉంది, మేతకు ఉంది, సర్వే నెంబరుకు సరే సరి. పిల్ల ఏ తల్లి బిడ్డో అడిగే గడి లేదు. నేనూ అడగలేదు.

మనకు చేపపిల్ల ఒకప్పుడు నదుల నుంచే వచ్చేది. 1957 జూలై 10న ఒరిస్సాలో డాక్టర్ హీరాలాల్ చౌధురి, చేప మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి రసాన్ని తల్లి చేపలకు ఎక్కించి, నీరు కదలని చెరువు చేపల చేత గుడ్లు పెట్టించారు. అందుకే జూలై 10న చేపల రైతుల దినం జరుపుతున్నాం. ఆంధ్రలో కొల్లేటి చుట్టూ వేల ఎకరాల చెరువులు వెలిశాయంటే ఆ ఇంజెక్షన్ పుణ్యమే. దానితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. నదిలో ఎన్నో వంశాలు కలిసేవి. హేచరీలో ఉన్న కొద్ది తల్లి చేపలనే ఏటేటా వాడితే అన్నీ దగ్గర రక్తం అయిపోతాయి. పైగా పెద్ద చేప బజారుకి పోతుంది, అమ్ముడుపోని చిన్నదే తల్లిగా మిగులుతుంది. అంటే తెలియకుండానే మందంగా పెరిగేవాటినే ఎంచుకుంటున్నామన్నమాట. ఈ రెండు ప్రమాదాలనూ ఎక్నాథ్, డాయిల్ అనే శాస్త్రవేత్తలు మన కర్ణాటక హేచరీలను పరిశీలించే, 1985లోనూ 1990లోనూ బయటపెట్టారు. మన ఇంటి లెక్కే, మనం చూసుకోలేదు.

నార్వే వాళ్లు దీనికి తిరగేసి చేశారు. 1970ల మొదట్లో నలభై ఏళ్ల నుంచి సాల్మన్ తెచ్చి (ఏళ్లంటే సంవత్సరాలు కాదు, ఏర్లు!) ఏ జంట పిల్లల్ని ఆ జంటవిగా వేరువేరు తొట్టెల్లో పెంచి, గుర్తులు వేసి, బరువులు రాసి, బాగా పెరిగిన కుటుంబాల నుంచే తర్వాతి తరానికి తల్లిదండ్రుల్ని ఎంచుకున్నారు. తర్వాత రోగాలకు తట్టుకునే గుణాన్ని, త్వరగా ఈడేరకుండా ఉండే గుణాన్ని కూడా చూశారు. చేప త్వరగా ఈడేరితే తిన్న మేత గుడ్లకు పోతుంది గాని ఒంటికి పట్టదు. మన చెరువుల్లో బంగారుతీగతో ఉన్న బాధ కూడా ఇదే.

ఆ విద్యే మన దేశానికీ వచ్చింది. 1992లో భువనేశ్వర్ దగ్గరున్న కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, నార్వే వాళ్లతో కలిసి శీలావతి మీద పని మొదలుపెట్టింది. గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల చేపల్ని తెచ్చి, వాటికి తమ ఫారం చేపల్ని కలిపి వంశాల లెక్క రాశారు. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా 1997లో ఆ రకానికి జయంతి రోహు అని పేరు పెట్టారు. తరానికి సగటున 17 శాతం పెరుగుదల సాధించామని వారి లెక్క. కామర్సు చదివినవాడిని కాబట్టి నాకు దీనిలో చక్రవడ్డీ కనబడింది. నూరు గ్రాములు 117, తర్వాత 137, 160, 187, అయిదో తరానికి 219. రెట్టింపు! అదే దగ్గర రక్తం హేచరీలో ప్రతి తరానికీ అసలులోంచి కోత పడుతుంది. పాస్‌బుక్కు లేదు కాబట్టి రైతుకు తెలియదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పిల్ల చిన్నదిగా ఉంటే చెడ్డదని అర్థం కాదు. ఆంధ్ర రైతులు కావాలనే పిల్లల్ని కిక్కిరిసిన చెరువులో, అరకొర మేతతో ఏడాదిపాటు గిడసబార్చి, ఆ తర్వాత పెద్ద చెరువులో వదులుతారు. చోటూ మేతా దొరకగానే అవి ఆత్రంగా పెరుగుతాయి. వంశం వల్ల గిడసబారిన పిల్ల అలా లేవదు. చేతిలో పట్టుకుంటే రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఖాతాలో నిల్వ తక్కువగా ఉన్న ఇద్దరు ఖాతాదారుల్లో ఎవరికి తాత్కాలికమైన ఇబ్బందో, ఎవరిది ఎప్పటికీ తేలని వ్యవహారమో పాత పద్దులు చూస్తేనే కదా తెలిసేది!

మేత విషయంలోనూ నేర్చుకున్నాం. నార్వేలో నీటిలో కెమెరాలు దించి, చేపకు ఆసక్తి తగ్గగానే మేత ఆపుతారు. మన కొల్లేటి రైతు కెమెరా లేకుండానే కిటుకు కనిపెట్టాడు. చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి కర్రలకు కడతాడు. చేపలు వచ్చి పొడుచుకు తింటాయి. సంచి ఖాళీ కాకపోతే మర్నాడు తగ్గిస్తాడు. బాబాయి ఇప్పుడదే చేస్తున్నారు.

నార్వేలో అంతా పూలబాటే అని కాదు. అక్కడ సాల్మన్‌కు సముద్రపు పేను పట్టి పీడిస్తుంది. వల తెగి పారిపోయిన పెంపకం చేపలు అడవి సాల్మన్‌తో కలిసి వాటి వంశాన్ని కలుషితం చేస్తున్నాయి. మనం నేర్చుకోవలసింది వాళ్ల లెక్క రాసే అలవాటు.

ఆ రోజు నేను నగలు తీసుకోలేదు. పాత అప్పు వాయిదాలు మార్చి, 2018-19 కేంద్ర బడ్జెట్‌లో చేపల రైతులకూ వర్తింపజేసిన కిసాన్ క్రెడిట్ కార్డు కింద మేతకు సర్దుబాటు చేశాను. ఒక షరతు పెట్టాను. పిల్ల కొనే ముందు హేచరీ వాణ్ని మూడు ప్రశ్నలు అడగాలి: తల్లి చేపలు ఎన్ని? ఎక్కడివి? చివరిసారి ఎప్పుడు మార్చారు? జవాబు కాగితం మీద ఇవ్వాలి. జయంతి అని నోటితో అంటే చాలదు. రెండు చోట్ల బాబాయిని కసిరి పంపేశారట. మూడో చోట రాసిచ్చారు. పిల్లకు కొంచెం ధర ఎక్కువ. ఆ కాగితం ఫైల్లో పెట్టాను. అప్పటి నుంచి చేపల చెరువు దరఖాస్తు ఏది వచ్చినా, గడి లేకపోయినా అంచులో నా చేత్తో "పిల్ల ఎక్కడిది?" అని రాసుకుంటున్నాను.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు మా క్యాంపుల్లో ఎవరికీ నిద్ర లేదు. కాలువ నీళ్లు మన చేతిలో లేవు. బజారు ధర మన చేతిలో లేదు. పిల్ల ఎక్కడిదని అడగడం మాత్రం మన చేతిలో ఉంది.

పిన్ని గారి గొలుసు ఆవిడ మెడలోనే ఉంది. మొన్న పండక్కి వెళ్తే బాబాయి చెరువులో శీలావతి తెచ్చి పులుసు పెట్టారు. "అబ్బాయ్, తూకం వేసే వండాం, కిలో నూరు గ్రాములు" అన్నారు బాబాయి. మా శ్రీమతి రెండోసారి వడ్డించుకుంది గాని, పులసతో సమానమని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.