రెండవ కుక్కను దెచ్చుటకు ముందు

ఒక యొఱలో రెండు కత్తులు ఇముడవని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతను మనుష్యుల విషయమున అందఱును ఒప్పుకొందురు గాని, ఇంటిలోని కుక్కల విషయమున ఎవరును తలపునకు దెచ్చుకొనరు. ఒక కుక్క యున్న యింట రెండవది యుండిన నేమి, అవి రెండును ఆడుకొనును గదా యని చాలమంది తలంచుచున్నారు. ఈ తలంపు సగము నిజము, సగము పొరబాటు. రెండు కుక్కలు తోబుట్టువులవలె మెలగుచున్న గృహములను నేనెఱుగుదును. రెండు కుక్కలవలన ఇల్లంతయు రెండు భాగములై, ఒక గది తలుపు మూసినగాని మఱొక గది తలుపు తెఱువరాని గృహములను కూడ నేనెఱుగుదును. ఈ భేదమునకు అదృష్టముకంటె ఎన్నికయే ముఖ్యకారణమని నా నమ్మకము. ఆ యెన్నికను గూర్చి నా యభిప్రాయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఈ సంచికయందు విన్నవించుకొనుచున్నాను.

ముందుగా నా తప్పును చెప్పుకొనుట న్యాయము. మా యింట నొక నల్లని యాడుకుక్క యుండెను. అది వీధిలో పుట్టి, వానకు తడిసి, మా యరుగుమీదికి వచ్చి చేరినది. పిల్లలు దానికి కాటుక యని పేరుపెట్టిరి. అది ఆఱేండ్లు మమ్ము నమ్మి, మా వాకిలి కాచినది. తరువాత పిల్లలు మఱొక కుక్కను దెమ్మని పట్టుపట్టిరి. బంధువు లొకరు పెద్దజాతి యాడుపిల్లను ఇచ్చెదమనగా, ముద్దుగానున్నదను నొక్క కారణముచేత దానిని దెచ్చితిని. మొదటి సంవత్సరము ఏ చిక్కును లేదు. కూన పెరిగి, కాటుకకు రెండింతలైన తరువాత, ఒకనాటి సాయంకాలము వసారాలో క్రిందపడిన రొట్టెముక్క కొఱకు రెండును కలియబడినవి. కాటుక చెవి చీలెను. విడదీయబోయిన నా చేతికి నాలుగు కుట్లు పడినవి. అటుపిమ్మట అవి యొకదాని నొకటి చూచిన చాలును, పోరు మొదలగుచుండెను. ఎనిమిది మాసములు తలుపులు మూయుచు, తెఱచుచు కాలము గడపి, తుదకు చిన్నదానిని ఇచ్చినవారికే తిరిగి యొప్పగించితిమి. అది బండి యెక్కునపుడు మా చిన్నవాడు ఏడ్చిన యేడ్పు నాకింకను మఱపునకు రాలేదు. ఆ తప్పు కాటుకది కాదు, ఆ చిన్నదానిది కాదు. విచారింపక తెచ్చిన నాది.

మన యిండ్లలో ఒక సంబంధము కుదుర్చుకొనునపుడు ఇరువైపుల గుణములను, అలవాటులను విచారింతుము గదా. పండ్రెండేండ్లు ఒక కప్పు క్రింద జీవింపవలసిన రెండు ప్రాణుల విషయమున ఆ పొంతన యేల చూడరాదు? కావున నా మొదటిమాట యేమనగా, రెండవ కుక్కను మన ముచ్చట కొఱకు గాక, మొదటి కుక్కకొఱకు ఎన్నుకొనవలయును. ఇంటనున్న కుక్క త్రోవలో ఇతర కుక్కలను చూచినపుడు తోక యాడించునా, బిగిసికొని నిలుచునా? అన్నము తినునపుడు ఎవరైన దగ్గఱకు వచ్చిన గుఱ్ఱుమనునా? ముసలితనముచేత కీళ్లనొప్పియో, చూపు మందగించుటయో కలదా? నొప్పితో నున్న కుక్కకు కూన యొక్క యాటలు వినోదములు గావు, బాధలు. ఇట్టి ప్రశ్నలకు సమాధానములు మనకు నచ్చనివైనచో, ఆ యింటికి ఒక్క కుక్కయే చాలునని తెలిసికొనుట ఉత్తమము.

రెండవమాట, లింగభేదమును గూర్చినది. ఒకే యింటి కుక్కల పోరాటములను గూర్చి అమెరికా దేశపు పశువైద్యులు 38 జతలను పరిశీలించి 2011లో ఒక వ్యాసమును ప్రకటించిరి. ఆ 38 జతలలో 30 జతలు ఒకే లింగమునకు చెందినవి. పోరునకు ముందుగా దిగినది తఱచుగా చిన్న వయస్సుదియో, క్రొత్తగా వచ్చినదియో అయి యుండెను. ఇవి వైద్యునివద్దకు చేరిన జతలే గాన, రెండు ఆడుకుక్కలు గాని, రెండు మగకుక్కలు గాని కలిసి యుండనే యుండవని దీని యర్థము కాదు. కాని యిష్టము వచ్చినట్లు ఎన్నుకొనుటకు అవకాశము గలవారు మొదటిదానికి భిన్నమైన లింగము గలదానిని ఎన్నుకొనుట క్షేమకరమని దీనివలన తెలియుచున్నది. అట్లు చేసినవారు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుటను మఱువరాదు. ఆడుకుక్క సాధారణముగా సంవత్సరమునకు రెండుమారులు ఎదకు వచ్చును. గర్భము ధరించిన సుమారు 63 దినములకు ఈనును. దిక్కులేని కూనలను వీధిపాలు చేయుట కుక్కలను ప్రేమించుట కాదు.

మూడవమాట, వయస్సును గూర్చినది. ఒకే యీతలోని రెండు కూనలను కలిపి తెచ్చిన ఒకదానికొకటి తోడుగా నుండునని కొందఱు వాదింతురు. వినుటకు బాగుగనే యున్నది గాని, ఆచరణమున కష్టములు కలవు. స్కాట్, ఫుల్లర్ అను శాస్త్రజ్ఞులు అమెరికాలోని బార్ హార్బర్ అను స్థలమున చాల సంవత్సరములు కుక్కలను పెంచి, పరిశీలించి, 1965లో ఒక గ్రంథమును ప్రకటించిరి. కూన పుట్టిన మూడవ వారము మొదలుకొని సుమారు పండ్రెండవ వారము వఱకు గల కాలమున అది యెవరితో మెలగునో వారిని తనవారినిగా నెఱుగునని వారు చూపిరి. ఆ లేతవయస్సున రెండు కూనలు రాత్రింబవళ్లు ఒకదానితో నొకటియే గడపినచో, ఇంటివారి మాటను లక్ష్యపెట్టుట ఆలస్యమగును. రెండింటికిని వేఱువేఱుగా శిక్షణమియ్యవలసి వచ్చును. అంత తీరికగల గృహములు ఎన్ని? మొదటి కుక్క పెరిగి, పిలిచిన వచ్చి, కూర్చుండుమనిన కూర్చుండునట్టి బుద్ధిని నేర్చిన తరువాతనే రెండవదానిని దెచ్చుట మేలు. అప్పుడు పెద్దదానిని చూచి చిన్నది చాలవఱకు నేర్చుకొనును.

నాలుగవమాట, శరీరమును, స్వభావమును గూర్చినది. ముధోల్, రాజపాళయము మొదలగు జాతులు మన దేశమునకు గర్వకారణములు. 2005లో మన తపాలాశాఖవారు వీని చిత్రములతో బిళ్లలను వెలువరించిరి. అవి వేటకొఱకు తరతరములుగా పెంపబడినవి. పరుగెత్తు చిన్నప్రాణిని చూచిన తఱుముట వానికి పుట్టుకతో వచ్చిన గుణము. అట్టిదాని ప్రక్కన అఱచేత నిమిడెడు చిట్టికుక్కను విడిచి, ఎవరును చూడకుండ పోవుట వివేకము కాదు. పెద్దకుక్క దుష్టమైనది కాకపోయినను, దాని యాటలోని యొక్క పాదపు దెబ్బ చాలును, చిన్నదాని యెముక విఱుగుటకు. దినమంతయు పరుగులు కోరు కుక్కకు పరుగులు కోరునదే తోడు. మూలను పండుకొని నిద్రించుదానికి నెమ్మదియైనదే తోడు. విలువగల జాతియే కావలెనను నియమము నాకు లేదు. మన యూరకుక్క మన యెండకు, మన తిండికి అలవాటుపడినది. కాటుక వంటి నమ్మకమైన ప్రాణిని నేను విలువపెట్టి కొన్నదానియందు చూడలేదు. కాని దాని విషయమునను పొంతన చూడవలసినదే. జాలి గొప్పగుణమే యైనను, విచారము లేని జాలి ఇంటనున్నదానికి అన్యాయము చేయును.

ఇక నొక యాక్షేపణకు సమాధానము చెప్పవలయును. “కుక్కలు తోడేళ్ల సంతతివి, తమలో తాము పోరాడి, ఎవరు పెద్దయో తేల్చుకొనును, మనము నడుమ జోక్యము కలిగించుకొనరాదు” అని చాలమంది యనుచున్నారు. ఈ యభిప్రాయము ఎట్లు పుట్టినదో చూడుడు. స్విట్జర్లాండులోని బాసెల్ జంతుశాలలో బంధింపబడిన తోడేళ్లను పరిశీలించి షెంకెల్ అను పండితుడు 1947లో ఒక వ్యాసము వ్రాసెను. చాలని స్థలమున కూడియున్న ఆ తోడేళ్లు ఆధిక్యముకొఱకు పోరాడుట ఆయన చూచెను. 1970లో డేవిడ్ మీచ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు తన గ్రంథమున ఆ భావమునే వ్యాపింపజేసెను. కాని యీ మీచ్‌గారే తరువాత అడవిలో స్వేచ్ఛగా తిరుగు తోడేళ్లను ఏండ్ల తరబడి కనిపెట్టి, తోడేళ్ల గుంపు సాధారణముగా తల్లి, తండ్రి, పిల్లలు గల కుటుంబమేయని 1999లో ప్రకటించి, పూర్వము తాను చెప్పినదానిని తానే దిద్దుకొనెను. తాను వ్రాసినదానిని తానే తప్పని యొప్పుకొనిన ఆ పండితుని ధైర్యము విద్యార్థులకు ఆదర్శము. మన యింటి కుక్కలు ఒక కుటుంబముగా పుట్టినవి కావు. మనము తెచ్చి కలిపినవి. కావున వానికి శాంతిని కల్పించు భారమును మనమే వహింపవలయును.

ఎన్నిక చక్కగా జరిగిన తరువాతను, కలుపు విధమున తొందర పనికిరాదు. క్రొత్త కుక్కకు టీకాలు వేయించి, రెండు వారములైనను వేఱుగా నుంచి, రోగము లేదని తెలిసికొనవలయును. 1978లో మొదట గుర్తింపబడిన పార్వో యను అంటురోగము లేతకూనలను కొద్దిదినములలోనే చంపగలదు. దాని విషము నేలయందు మాసముల కొలది నిలుచును. వెఱ్ఱికుక్క రోగమునకు మూడుమాసముల వయస్సున టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుచుండవలయును. మొదటి పరిచయము ఇంటిలో గాక, రెండింటికిని చెందని మైదానమున జరుగవలయును. ఇరువురు పెద్దవారు చెఱియొక త్రాడు పట్టుకొని, కొంత దూరముగా ఒకే దిక్కునకు నడిపించి, మెల్లమెల్లగా దగ్గఱకు తేవలయును. ఇంటికి వచ్చిన తరువాత తిండిగిన్నెలు రెండు, పడకలు రెండు, తినుచోటులు రెండు ఉండవలయును. నా వసారాలో పడిన యా రొట్టెముక్క నాకీ పాఠము నేర్పినది. కొన్ని మాసములవఱకు వానిని ఒంటరిగా కలిపి విడువరాదు.

బాలబాలికలారా, మీకు ప్రత్యేకముగా నొకమాట. కుక్కలు పోరాడునపుడు మీరు వాని నడుమ చేయి పెట్టవలదు, పెద్దవారిని పిలువుడు. ఏ కుక్క కఱచినను, అది మన యింటిదే యైనను, దాచిపెట్టక చెప్పుడు. గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను పదునైదు నిమిషములు కడిగి, ఆ దినముననే వైద్యునివద్దకు పోవలయును. ఈ మాటను నిర్లక్ష్యము చేయుటవలన పోయిన ప్రాణములు మన దేశమున తక్కువ కావు.

తల్లిదండ్రులారా, పిల్లలు కన్నీరు పెట్టినపుడు “కాదు” అనుట కష్టమే. కాని సంవత్సరము గడచిన తరువాత ఆ కుక్కను బండి యెక్కించునపుడు వారు పెట్టు కన్నీరు అంతకంటె కష్టము. రెండు కుక్కలకు తిండి రెండింతలు, వైద్యము రెండింతలు. నడిపించు శ్రమ రెండింతలకంటె ఎక్కువ. వీనినన్నిటిని లెక్కించి, ఇంటిలోని అందఱును సమ్మతించిన పిమ్మట పొంతన గలదానిని దెచ్చిన ఇల్లు నిజముగా కళకళలాడును. పొంతన కుదురనిచో, ఉన్నదానినే మఱికొంత ప్రేమతో చూచుకొనుడు.

నన్నయభట్టారకుని యాదిపర్వమున సరమ యను దేవలోకపు శునకము కథ మీరు వినియే యుందురు. తప్పు చేయని తన బిడ్డను జనమేజయుని తమ్ములు కొట్టగా, ఆ తల్లి రాజసభకు వచ్చి న్యాయమడిగెను. కుక్క వచ్చి రాజును ప్రశ్నించుట వింతగా తోచును గాని, దాని ప్రశ్న నేటికిని నిలిచియే యున్నది. యుక్తాయుక్తములు విచారింపక మనము చేయు పనులకు నోరులేని ప్రాణులు శిక్ష ననుభవింపవలసినదేనా? మా కాటుక ఇప్పుడు ముసలిది. చీలిన చెవితో మా అరుగుమీద ఎండకు పండుకొని యున్నది. దానిని చూచినప్పుడెల్ల ఆ ప్రశ్న నన్నే యడుగుచున్నట్లుండును. ఈ వ్యాసము చదివిన గృహములలో ఒక్క గృహమైనను రెండవ కుక్కను దెచ్చుటకు ముందు మొదటిదాని ముఖమువంక చూచినయెడల, నా తప్పునకు కొంత ప్రాయశ్చిత్తము జరిగినదని సంతసించెదను.