మూడున్నర పౌన్ల మాట

తుపాకిని గురించి తెలుగు మేష్టరుకేం తెలుసునండీ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇరవై ఏళ్ళుగా నేను చేత పట్టిన ఆయుధాలు సుద్దముక్కా, డస్టరూ మాత్రమే. అయినా ఈ వారం తుపాకి మీటను గురించే వ్రాయాలని కూర్చున్నాను. కారణం చెబుతాను, ఆలకించండి.

కిందటి నవంబరులో మా బావగారి షష్టిపూర్తి. ఆయనా అక్కయ్యా ముప్ఫై ఏళ్ళుగా అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలో కాపురం ఉంటున్నారు. సెలవు పెట్టి, కొంత అప్పు కూడా చేసి, నేనూ మా ఆవిడా వెళ్ళాం. వెళ్ళేసరికి ఇంట్లో పెళ్ళివారి సందడి ఉంటుందనుకున్నామా, మౌనవ్రతం ఎదురైంది. అక్కయ్యా, మా మేనల్లుడూ రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదట. సంగతేమిటంటే, పందొమ్మిదేళ్ళ ఆ కుర్రవాడు కాలేజీ స్నేహితులతో జింకల వేటకు వెళతానని ఒక పాత రైఫిలు కొని తెచ్చాడు.

"చీమను తొక్కితే నొచ్చుకునే ఇల్లు మనది. నువ్వయినా వాడికి చెప్పరా తమ్ముడూ" అంది అక్కయ్య, పెసరపప్పు నానబోస్తూ.

చెప్పబోయాను. "మన దేశంలో 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఇలాంటి వేట నేరమైపోయిందిరా" అన్నాను పెద్దరికంగా. వాడు నవ్వాడు.

"ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది మామయ్యా. జింకలు మితిమీరి పెరిగి పంటలు మేస్తాయి, రోడ్ల మీద కార్లకు అడ్డం పడతాయి. ఏటా నవంబరు 15న తుపాకి వేట మొదలవుతుంది. 1960లో గాని, ఆ తరువాత గాని పుట్టినవాడు వేట భద్రత పాఠం చదివి పరీక్ష ప్యాసు కావాలి. నేను అయ్యాను" అని కాగితం చూపించాడు. పరీక్ష ప్యాసయినవాడిని మేష్టరు ఏమంటాడు చెప్పండి!

ఆ హుషారులో వాడే ఇంకో మాట జారాడు. "దీని ట్రిగ్గర్ ఎంత తేలికో చూడు మామయ్యా! వేలు ఇలా తగిలితే చాలు. అమ్మినాయన స్వయంగా సవరించాడట. గురి అసలు తప్పదన్నాడు."

నా గుండె ఝల్లుమంది. తగిలితే చాలు అనే మాట నాకెందుకో నచ్చలేదు. కాని నచ్చకపోవడానికి కారణం మాత్రం చెప్పలేకపోయాను. అదృష్టవశాత్తూ బావగారికి పక్కింటి పెద్దాయన జ్ఞాపకం వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. ఒకప్పుడు కార్ఖానాలో యంత్రాల పని చేశాడు. ఇప్పుడు ఊరి కుర్రవాళ్ళకు వేట భద్రత పాఠాలు ఊరికే చెబుతాడు. కబురంపితే గారేజీలోకి వచ్చాడు, చేతిలో చిన్న తూనిక సాధనంతో.

ముందు రైఫిలు తీసుకుని, గొట్టం మూతి గోడవైపు పెట్టి, బోల్టు తెరిచి, తూటా ఉండే చోట కంటితో చూశాడు. తరువాత వేలు పెట్టి తడిమాడు. మా వాడిచేత కూడా అలాగే చేయించాడు. తూటా లేదని ఇద్దరూ ఒప్పుకున్నాక గాని పని మొదలుపెట్టలేదు. తూటాలను అసలు ఆ గదిలోనే ఉంచనివ్వలేదు.

ఆ తూనిక సాధనం మన సంతలో చింతపండు తూచే స్ప్రింగు త్రాసుకు తమ్ముడు. దాని కొక్కేన్ని మీట నడుమ తగిలించి, తిన్నగా వెనక్కు మెల్లగా లాగాలి. మీట విడిపోయిన క్షణంలో ముల్లు ఎక్కడుందో అదే మీట బరువు. ఒకసారి కాదు, పదిసార్లు తూచాడు. ఒకటిన్నర పౌను చూపింది, మరోసారి ఒకటింబావు, ఇంకోసారి రెండు. (పౌనంటే మన లెక్కలో సుమారు 454 గ్రాములు.) "తేలిక కావడం ఒక తప్పు. ఒక్కోసారి ఒక్కో బరువు చూపడం అంతకంటె పెద్ద తప్పు" అన్నాడు.

ఆ తరువాత చేసిన పనే నేను మరచిపోలేనిది. ఖాళీ రైఫిలును ఎక్కుపెట్టి, సేఫ్టీ తీసి, నేలమీద రబ్బరు చాప పరిచి, తుపాకి మడమను జానెడెత్తు నుంచి ఆ చాపమీద దించాడు. మీటకు ఎవరి వేలూ తగలలేదు. లోపల "టక్" మంది. అంతే. తూటా ఉంటే పేలేదే!

మా మేనల్లుడి ముఖం తెల్లబోయింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండు రోజుల తరువాత ఆ తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకోవడం అదే మొదలు.

నాకు అర్థమైనంతవరకు ఇందులోని కిటుకు చెబుతాను. తుపాకి లోపల ఒక బలమైన స్ప్రింగు వెనక్కు లాగబడి ఉంటుంది. అది ముందుకు దూకి మేకువంటి సూదిని తూటా అడుగున పొడిస్తే తూటా పేలుతుంది. ఆ దూకుడును ఆపి ఉంచేది సియర్ అనే చిన్న ఇనుపముక్క. మన వీధితలుపు గడియ అనుకోండి. మీట నొక్కితే గడియ జారుతుంది. మీట తేలిక కావాలంటే రెండు దారులున్నాయి. మీట వెనక ఉన్న చిన్న స్ప్రింగును మెత్తన చేయడం ఒకటి. గడియ రంధ్రంలోకి దిగే లోతును తగ్గించడం రెండవది. రంధ్రంలో గడియ కొస మాత్రమే ఆనుకుని ఉంటే, తలుపును దొంగ తట్టనక్కరలేదు, పక్కింటివాళ్ళు రోలు దంచినా తెరుచుకుంటుంది. ఆ అమ్మినాయన చేసింది ఈ రెండోదే. స్ప్రింగును కూడా హద్దు మీరి మెత్తన చేస్తే అదే గతి.

మరి తేలిక మీట కావాలనే కోరికలో తప్పేమిటని మా వాడు అడిగాడు. పెద్దాయన కసరలేదు. ఆ కోరికలో సగం నిజముందన్నాడు. వేట రైఫిలు మొత్తం ఏడెనిమిది పౌన్లుంటుంది. దాని మీటను కదిలించడానికి ఆరేడు పౌన్ల బలం కావాలంటే, లాగేలోపల తుపాకే పక్కకు ఒరుగుతుంది. గురి తప్పుతుంది. తప్పిపోయినా బాగే, గాయపడ్డ జంతువు అడవిలో పడి రోజుల తరబడి బాధపడితే ఆ పాపం ఎవరిది? కాబట్టి బరువైన మీటే క్షేమమనుకోవడం కూడా పొరపాటే.

అప్పుడు నాకు మన గురికాళ్ళు జ్ఞాపకం వచ్చారు. 2008లో బీజింగు ఒలింపిక్సులో అభినవ్ బింద్రాకు బంగారు పతకం తెచ్చిపెట్టింది, 2012లో లండనులో మన హైదరాబాదు గగన్ నారంగ్‌కు కంచు పతకం తెచ్చిపెట్టింది పది మీటర్ల గాలి రైఫిలు. ఆ పోటీలో మీట ఇంత బరువుండాలనే నియమమే లేదు. వేలు ఆనిస్తే చాలు. 2024లో పారిసులో మను భాకర్ కంచు పతకం గెలిచిన పది మీటర్ల గాలి పిస్తోలుకు మాత్రం కనీసం 500 గ్రాములుండాలి. మూడు వందల మీటర్ల స్టాండర్డు రైఫిలుకైతే 1500 గ్రాములు. అంత తేలిక మీట వాళ్ళకు చెల్లింది కదా, మనకేం అంటే, అక్కడ నేల చదును. అందరి తుపాకులూ ఒకేవైపు చూస్తుంటాయి. ఆజ్ఞ అయ్యాక గాని తూటా పెట్టరు. అడవిలో అలా కాదు. మంచులో కాలు జారుతుంది. కొమ్మ తగులుతుంది. చలికి తొడిగిన దళసరి చేతొడుగులో వేలికి స్పర్శ తెలియదు. మీట దగ్గరి నూనె గడ్డకట్టి, గడియ పూర్తిగా దిగకుండా చేసినా చేయవచ్చు. ఇవన్నీ చాలనట్టు, ఎదుట జింక కనబడగానే గుండె దడదడలాడుతుంది. పోటీలో బంగారంలాంటి మీట ఇక్కడ ప్రాణాంతకం.

"మరి ఎంత ఉండాలి తాతా?" అన్నాడు మావాడు. చూశారా, అరగంటలో వరస కలిసిపోయింది!

పెద్దాయన లెక్క ఇదీ: చాలా ఏళ్ళ అలవాటున్న వేటగాడికి రెండున్నర మొదలు మూడు పౌన్లు. కొత్తవాడికి మూడున్నర, నాలుగు. చేతొడుగులతో కాల్చేవాడు ఎక్కువవైపే మొగ్గాలి. రెండున్నరకు తక్కువ మీటతో అడవిలో నడవరాదు. ఎంత బరువు పెట్టినా, తయారుచేసినవారు చెప్పిన హద్దు దాటరాదు. ఆ మరలు ఇంట్లో తిప్పకుండా పని తెలిసినవాడికే ఇవ్వాలి. సవరించి తెచ్చాక, ఖాళీ తుపాకితో పరీక్షలు మళ్ళీ చేయాలి. మడమ తట్టి చూడాలి. బోల్టును గట్టిగా మూసి చూడాలి. సేఫ్టీ వేసి మీట నొక్కి, వదిలి, ఆ తరువాత సేఫ్టీ తీసి చూడాలి. ఏ ఒక్కదానికి "టక్" మన్నా ఆ రైఫిలు గడప దాటకూడదు. ఇప్పుడు కొన్ని రైఫిళ్ళలో మీట నడుమ చిన్న నాలుకలాంటి పలక పెడుతున్నారట. వేలు ఆ నాలుకను నొక్కితే తప్ప గడియ వదలదు. కిందపడినా అడ్డు నిలుస్తుంది. తేలికా, క్షేమమూ కొంతవరకు కలిసి వచ్చిన ఏర్పాటు అది.

కొంతవరకే అనడానికి కారణముంది. 1962లో వచ్చిన రెమింగ్టన్ 700 అనే రైఫిలు అమెరికాలో ఎంతో పేరు పొందింది. మీట నొక్కకుండానే పేలిందని దానిమీద ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాయి. తుపాకిలో దోషం లేదనే కంపెనీ చెబుతూ వచ్చింది. చివరకు మీటలు మార్చి ఇచ్చే రాజీని 2017లో కోర్టు ఆమోదించింది. ఈలోగా 2006లో తెచ్చిన కొత్త మీట అమర్చిన రైఫిళ్ళను 2014 ఏప్రిల్‌లో కంపెనీయే వెనక్కు పిలిచింది. అమర్చేటప్పుడు పూసే జిగురు ఎక్కువైతే తుపాకి దానంతట అదే పేలవచ్చునని కారణం చెప్పింది. జిగురు చుక్కకు లోబడే యంత్రాన్ని నమ్మి గొట్టం మూతిని మనిషివైపు తిప్పవచ్చునా? అందుకే పెద్దాయన అన్నిటికంటె ముందు చెప్పే పాఠం మీటను గురించి కాదు. గొట్టం మూతి ఎప్పుడూ మనుషులు లేని వైపే ఉండాలి. గురి కుదిరి, కాల్చాలని నిశ్చయించుకున్నాక గాని వేలు మీటమీదకు రాకూడదు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెలుగు మేష్టరుని కదా, దశరథుడు గుర్తుకు వచ్చాడు. చీకటిలో కుండ నిండే చప్పుడు విని, ఏనుగనుకుని బాణం వేసి, ఒక ముసలి తల్లిదండ్రుల కంటిదీపాన్ని ఆర్పేశాడు. పాండురాజు జింకల జంటనుకుని మునిని కొట్టాడు. విల్లు వంచడానికి ఒంట్లోని బలమంతా కావాలి. లాగి పట్టుకున్నంతసేపూ చెయ్యి నొస్తూనే ఉంటుంది. అంత శ్రమపడే ఆయుధంతోనే అంత పొరపాటు జరిగింది. తుపాకిలో ఆ శ్రమంతా మందూ, స్ప్రింగూ ముందే పడిపెట్టాయి. మనిషికి మిగిలిన శ్రమ ఆ మూడు పౌన్లే. ఆలోచించుకోవడానికి దొరికే వ్యవధి కూడా అంతే. దాన్ని కూడా తగ్గించుకుంటామంటే ఇక మిగిలేదేమిటి?

మర్నాడే మావాడు రైఫిలును పనివాడికి ఇచ్చి వచ్చాడు. మూడున్నర పౌన్లకు సవరించి ఇచ్చాడతను. పెద్దాయన మళ్ళీ పదిసార్లు తూచాడు. ముల్లు పదిసార్లూ ఒక్కచోటే ఆగింది. చాపమీద తట్టాడు, మూశాడు, తీశాడు. చప్పుడు లేదు. అక్కయ్య వేటకు ఒప్పుకోలేదు గాని, మాట్లాడటం మాత్రం మొదలుపెట్టింది.

15వ తేదీన తెల్లవారుజామునే నారింజరంగు చొక్కా తొడుక్కుని వాడు వెళ్ళాడు. ఆ రోజు ఇంట్లో ఎవరికీ కాఫీ రుచించలేదు. చీకటి పడ్డాక వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. "ఒకసారి పొదల్లో ఏదో కదిలింది మామయ్యా. జింకో కాదో తేలలేదు. వేలు మీటమీద పెట్టలేదు" అన్నాడు. వాడు ప్యాసైన పరీక్షలన్నిటిలోకీ అదే పెద్దదని నాకు తోచింది.

అక్కయ్య వాడికి పులిహోర వడ్డిస్తూ నావైపు తిరిగి, "ఏరా తమ్ముడూ, మూడున్నరకే ఇంత బుద్ధి వచ్చింది కదా, ఇంకో ముప్ఫై పౌన్లు వేయించి పెట్టకూడదటరా?" అంది.

మీట అంత బరువైతే గురి కుదరదని, జంతువు గాయపడి బాధపడుతుందని చెప్పబోయాను. పులిహోర ఘుమఘుమలాడుతోంది. ఊరుకున్నాను.