ముందు ఫోన్ని అడగండి

ఇడ్లీ రేకులు కొనేముందు మన కుక్కర్లో పడతాయో లేదో చూసుకుంటాం కదా! జాకెట్టు గుడ్డ కోసం చీర వెంట పెట్టుకుని మరీ షాపుకి వెళ్తాం. ఇంత జాగ్రత్తపడే నేను ఫోను దగ్గరికొచ్చేసరికి పప్పులో కాలేశాను. నా మాట నమ్మి మా వదిన పరాయిదేశంలో దిక్కులు చూడాల్సి వచ్చింది.

వదినంటే మావారి అక్కగారు. కిందటేడు కూతురి పురిటికి డల్లాస్ ప్రయాణమైంది. పిల్ల అక్కణ్ణించే ఈసిమ్ ప్యాకేజీ ఒకటి కొని, దాని క్యూఆర్ బొమ్మ పంపించి, "అమ్మా, నీ ఫోన్లో ఈసిమ్ పడుతుందో లేదో చూపించుకో" అంది. వదిన నన్నడిగింది. నేనేమో, "ఫైవ్‌జీ ఫోనేగా వదినా, పైగా రెండు సిమ్ములది. ఎందుకు పడదూ?" అనేశాను. ఆ ధైర్యంతో ఆవిడ ఇక్కడి సిమ్ముకి రోమింగ్ కూడా వేయించుకోలేదు.

తీరా దిగాక చూస్తే ఆ ఫోన్లో ఈసిమ్ ఎక్కించే వీలే లేదు. ఎయిర్‌పోర్టు వైఫై కలుపుకోవడం ఆవిడకి తెలీదు. అల్లుడు ఒక గుమ్మం దగ్గర, ఈవిడ ఇంకో గుమ్మం దగ్గర! ఇంట్లో నెలలు నిండిన పిల్ల అమ్మ ఏమైందోనని ఒకటే కంగారు. గంటన్నర తర్వాత ఎవరో తెలుగువాళ్లు తమ ఫోనిచ్చి పుణ్యం కట్టుకున్నారు. ఇది విన్న రోజు నాకు ముద్ద దిగలేదు. ఆ తర్వాత కూర్చుని నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

మామూలు సిమ్ము మనం పెట్టి తీసే కార్డు. ఈసిమ్ అంటే ఫ్యాక్టరీలోనే ఫోను లోపల అతికించేసిన చిన్న చిప్పు. కంపెనీవాళ్లు మన నంబరు వివరాలు ఇంటర్నెట్ ద్వారా అందులోకి పంపుతారు. ఆ చిప్పు పుట్టుకతో రావాల్సిందే. తర్వాత ఏ యాప్ వేసుకున్నా రాదు. ఫైవ్‌జీకీ దీనికీ సంబంధం లేదు. రెండు సిమ్ముల అరలు ఉన్నంత మాత్రాన ఈసిమ్ ఉన్నట్టు కాదు.

మరి తెలుసుకోవడం ఎలా? చాలా తేలికండీ.

ఫోన్ చేసేటప్పుడు నంబర్లు నొక్కుతామే, అక్కడ స్టార్, హాష్, సున్నా, ఆరు, హాష్ (*#06#) వరసగా నొక్కండి. కాల్ బటన్ నొక్కక్కర్లేదు, వివరాలు వాటంతటవే వస్తాయి. అందులో ఐఎమ్ఈఐ అనేది అన్ని ఫోన్లకీ ఉంటుంది. అవి రెండు కనిపించాయని మురిసిపోకండి. 'ఈఐడీ' అని 32 అంకెల నంబరు ఉందేమో చూడండి. అది ఉంటే సాధారణంగా ఈసిమ్ ఉన్నట్టే.

రూఢి చేసుకోవడానికి సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. శామ్‌సంగ్‌లో 'కనెక్షన్స్', అందులో 'సిమ్ మేనేజర్' నొక్కితే 'యాడ్ ఈసిమ్' అని కనిపించాలి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో నెట్‌వర్క్ లేదా సిమ్ అని ఉన్నచోట వెతకండి. ఐఫోన్లో 'జనరల్', ఆ తర్వాత 'అబౌట్'లో ఈఐడీ ఉంటుంది. ఐఫోన్లలో 2018లో వచ్చిన ఎక్స్‌ఎస్, ఎక్స్‌ఆర్ నుంచే ఈసిమ్ మొదలైంది.

ఫోను పేరు చూసి మాత్రం నమ్మకండి. ఒకే పేరున్న ఫోను ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అమెరికాలో 2022లో వచ్చిన ఐఫోన్ 14 నుంచి కార్డు పెట్టే అరే లేదు. పిల్లలు అక్కడి ఫోను ప్రేమగా తెచ్చిస్తే మన నంబరు ఈసిమ్‌గా మార్పించుకోవాల్సిందే. చైనాలో అమ్మిన ఐఫోన్లలో చాలావాటికి రెండు కార్డులు పడతాయిగానీ ఈసిమ్ ఉండదు. విదేశాల్లో వాయిదాల మీద కొన్నవైతే ఒకే కంపెనీకి తాళం వేసి ఉండొచ్చు. ఐఫోన్ 'అబౌట్'లోనే 'క్యారియర్ లాక్' ఎదురుగా 'నో సిమ్ రెస్ట్రిక్షన్స్' అని ఉంటే దిగుల్లేదు.

ఇంకో మాట. ఈసిమ్ ఎక్కించాలంటే ఇంటర్నెట్ కావాలి. కాబట్టి ప్రయాణానికి ముందే ఇంట్లో వైఫై మీద ఎక్కించుకోండి. చాలా క్యూఆర్‌లు ఒక్కసారికే పనికొస్తాయి, పొరపాటున చెరిపేయకండి.

అన్నిటికన్నా ముఖ్యం: "మీ సిమ్ము ఈసిమ్‌గా మార్చిపెడతాం, వచ్చిన ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. మీ నంబరు వాళ్ల ఫోన్లోకి పోయిందంటే మీ కార్డు మూగబోతుంది, బ్యాంకు ఓటీపీలన్నీ వాళ్లకే వెళ్తాయి. మార్చుకోవాలనుకుంటే మీ కంపెనీ సొంత యాప్‌లోనో, వాళ్ల షాపులోనో మీరే అడగండి.

వదిన వెళ్లిన పదోరోజున మనవరాలు పుట్టింది. వీడియోలో పాపని చూపిస్తూ, "నీ సలహా వల్ల ఎయిర్‌పోర్టంతా తిరిగి చూశానే" అని నవ్వింది. నవ్వింది కాబట్టి సరిపోయింది! ఈ పేజీ పక్కన పెట్టేముందు మీ ఫోన్లో ఆ అయిదూ నొక్కి చూడండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా చూసిపెట్టండి.