కుందేలు కన్ను, మిర్చి రైతు కన్ను

అమరావతి అనగానే మా ఆఫీసులో అందరికీ రాజధాని గొడవే గుర్తొస్తుంది. నాకు మాత్రం చుట్టుపక్కల పత్తి, మిర్చి చేలు, వీపున ట్యాంకు కట్టుకుని కళ్ళజోడు కూడా లేకుండా మందు కొట్టే మనుషులు గుర్తొస్తారు. ఆ మందు కంట్లో పడితే ఏమవుతుందో ముందే తెలియాలి కదా. దానికి 1944 నాటి డ్రేజ్ పరీక్ష ఉంది. కుందేలు ఒక కంట్లో మందు వేసి, రెండోది వదిలేసి, 21 రోజుల దాకా ఎరుపు, వాపు, పొర చూసి మార్కులు వేయడం అన్నమాట.

మన దేశం 2014లో సౌందర్య సాధనాలకి జంతు పరీక్షల్ని నిషేధించింది. పురుగుమందులు అందులో లేవు. "కుందేలు ముఖ్యమా, రైతు ముఖ్యమా?" అంటారు. నా గొడవ రైతు గురించే! 1971లో వెయిల్, స్కాలా ఒకే రసాయనాల్ని వేర్వేరు ల్యాబులకిస్తే, ఒకరు పర్లేదన్నదాన్ని ఇంకొకరు ప్రమాదం అన్నారు. రన్ చేసిన ప్రతిసారీ రిజల్టు మారే టెస్ట్ కేసుని మన టీంలో ఉంచుతామా? :) పైగా కుందేలుకి మూడో రెప్ప ఉంటుంది, కన్నీళ్ళేమో మనకన్నా తక్కువ.

కబేళాలో కోసిన పశువుల కళ్ళ మీద చేసే పరీక్షని ఓఈసీడీ 2009లోనే ఆమోదించింది. కార్నియా ఎంత మసకబారిందో, రంగు ఎంత లోపలికి దిగిందో మిషనే కొలుస్తుంది. తీవ్రంగా దెబ్బతీసేవి, అసలేం చేయనివి చాలావరకు ఇక్కడే తేలతాయి. మధ్యరకం దగ్గరే చిక్కు, ఒప్పుకోవాలి. 2015 నుంచి మనిషి కణాలతో పెంచిన కార్నియా పొరల పద్ధతికీ గైడ్‌లైన్ ఉంది. ముందు ఇవి చేసి, తేలకపోతేనే కుందేలు దాకా వెళ్ళమని పురుగుమందులకి గట్టిగా రూలు పెట్టడంలో కష్టమేంటి?

అన్నట్టు, ఏ పరీక్ష చేసినా చివరికి ఆ ఫలితం డబ్బా మీద చీమ తలంత అక్షరాల్లోనే ఉంటుంది. మందుతోపాటు ఒక కళ్ళజోడు కూడా కట్టివ్వమని కంపెనీల్ని ఎవరూ ఎందుకు అడగరో మరి.