ఆరంభశూరత్వం ఒక్కరి తప్పేనా?

ఈసారి మేము వంశవృక్షం గురించో, పాత దస్తావేజుల గురించో రాయడం లేదు. మా ఇంట్లో ఏడాదిన్నరగా సాగుతున్న ఒక గొడవ గురించి రాస్తున్నాం. ఒళ్లు తగ్గించుకోవడం, రోజూ నడవడం గురించిన గొడవ. ఇది మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది.

తెలుగువాళ్లు ఆరంభశూరులని ఒక మాట ఉంది కదా. దానికి సాక్ష్యాలు మా బీరువా కింది అరలో ఉన్నాయి. జిమ్ముకు ఏడాది మొత్తానికి ఒకేసారి కట్టిన రసీదు, నెల రోజులు తొడిగి వదిలేసిన బూట్లు రెండు జతలు, అడుగులు లెక్కపెట్టే వాచీ ఒకటి. ప్రతి ఉగాదికీ ఎవరో ఒకరు "ఈ ఏడు తగ్గాల్సిందే" అంటారు. మూడో వారానికి ఆ మాట ఎత్తితే చిరాకు పడతారు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. కొండల సంగతేమో గాని, మా పొట్టలు మాత్రం కరగలేదు.

పోయినేడు మా నాయన అరికాల్లో ముల్లు దిగింది. ఆయనకు తెలియనే లేదు. రెండు రోజుల తరవాత అమ్మ చూసేసరికి చీము పట్టి ఉంది. చాలా ఏళ్లుగా షుగరు ఉండడంతో కాళ్లలో స్పర్శ తగ్గిపోయిందని డాక్టరు చెప్పారు. పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. "కాలు తీసేస్తారా?" అని నాయన ఒక్కసారి అడిగారు. మళ్లీ అడగలేదు. మేమెవరం ఆ మాట మరిచిపోలేదు.

ఆ భయంతో ఇల్లంతా నడక మొదలుపెట్టాం. రెండు నెలలు కూడా సాగలేదు. అంత భయం వేసిన ఇంట్లోనే రెండు నెలలకు మించి నడక నిలవలేదంటే, లోపం ఎక్కడుందని మేము కూర్చుని ఆలోచించాల్సి వచ్చింది. అప్పుడు మాకు అర్థమైంది ఇక్కడ చెప్పదలుచుకున్నాం.

ముందు మా పాత ఫొటోల సంగతి. తాతల కాలంవాళ్లంతా సన్నగా, గట్టిగా ఉంటారు. వాటిని చూపించి "వాళ్లకున్న పట్టుదల మీకేదీ?" అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. మాకైతే అది పట్టుదల అనిపించదు. అవ్వ బావిలో నీళ్లు చేదింది, రోకలితో దంచింది, పత్తి చేలో రోజంతా వంగి పని చేసింది. తాత పొలానికీ, సంతకూ, పెళ్లికీ నడిచే పోయాడు. మాకు కణ్మాయి అంటే మీకు చెరువు. కణ్మాయి గట్టు మీద నడక ఆయనకు వ్యాయామం కాదు, అది పనికి పోయే దారి. విజయనగర, నాయక రాజుల కాలంలో ఆంధ్ర దేశం వదిలి ఈ దక్షిణానికి వచ్చిన మన పూర్వీకులు కూడా నడిచే వచ్చారు. మా ఊరి పేరులో ఉన్న దళవాయి అన్న మాటకు సేనాధిపతి అని అర్థం. అదీ ఆ కాలం మాటే. అంత దూరం నడిచినవాళ్లను ఎవరూ మోటివేషన్ ఇచ్చి నడిపించలేదు. నడవక తప్పలేదు గనక నడిచారు.

ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. వాళ్లు సన్నగా ఉండడానికి పని ఒక కారణమైతే, ఆకలి ఇంకొక కారణం. 1876-78 ధాత కరువు ఈ ప్రాంతాలన్నిటినీ ఊపేసింది. ఆ కథలు విని పెరిగిన ఇళ్లలో పిల్లవాడు బొద్దుగా ఉంటే సంతోషం, ఇంకో ముద్ద తినిపిస్తే ప్రేమ, ఒళ్లు చేస్తే కలిగినవాళ్ల లక్షణం. ఆకలి పోయినా ఆ అలవాటు పోలేదు. శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా, సాత్తూరు కారాసేవు, రాత్రి పరోటా మాత్రం కొత్తగా ఇంటి దాకా వచ్చేశాయి.

ఇక ఇప్పటి పని చూడండి. తళవాయిపురం అంటే చుట్టుపక్కల ఊళ్లకు నైటీలు కుట్టే ఊరు. ఇంటింటా మిషను చప్పుడే. మా ఇంట్లోనూ అమ్మ, వదిన కుడతారు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం అన్నానికి లేస్తారు, మళ్లీ కూర్చుంటే చీకటి పడేదాకా అదే. ఎన్ని కుడితే అంత డబ్బు. కరెంటు మిషను వచ్చాక కాలితో తొక్కే పని కూడా పోయింది. ఒళ్లు నొప్పులు మాత్రం మిగిలాయి. దుకాణంలో కూర్చున్నవాళ్లది, బెంగళూరులో కంప్యూటరు ముందు కూర్చున్న మా పిన్నమ్మ పిల్లలది ఇదే కథ. మలేషియా రబ్బరు తోటల్లో పని చేసినవాళ్ల మనవళ్లు ఇప్పుడు కారులో ఆఫీసుకు పోతున్నారు. మనం ఎక్కడ స్థిరపడినా శరీరానికి పని తగ్గింది, పళ్లెంలో తిండి తగ్గలేదు.

ఇట్లాంటి చోట "నీకు మోటివేషన్ లేదు" అని ఒక మనిషిని అనడం మాకు అన్యాయంగా తోస్తుంది. అమ్మను మేము చాలాసార్లు అన్నాం. "నడవొచ్చు కదమ్మా, మనసు పెట్టాలి" అని. ఒకరోజు ఆమె విసిగిపోయి, "మనసుంది. వేళేదీ?" అంది. అయిదున్నరకు లేస్తే వాకిలి, కాఫీ, టిఫిను, మధ్యాహ్నానికి వంట, నాయన మాత్రలు. తొమ్మిదికి మిషను. ఆ లెక్కలో అరగంట ఎవరు ఇచ్చారు ఆమెకు? అరగంట నడిస్తే ఒకట్రెండు నైటీల కూలి పోతుంది. మగవాడు బూట్లు వేసుకుని బయటికి పోతే ఇంట్లో పనులు ఆగవు. ఆడమనిషి పోతే కాఫీ దగ్గరే ఆగిపోతుంది. దాన్ని మనం మనోబలం లేకపోవడం అంటున్నాం.

మా వాళ్లకు మనోబలం లేదనడం ఎంత తప్పో చూడాలంటే ఆడి నెలలో రండి. ఆఖరి శుక్రవారానికి ఇరుక్కన్‌గుడి మారియమ్మ కోవిలకు పల్లెపల్లె నుంచీ జనం కాలినడకన పోతారు. మోకాళ్ల నొప్పులున్న అవ్వలు, షుగరున్న మామలు కూడా. అటువైపు ఉన్నవాళ్లు అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కి తిరుమలకు పోవడం లేదా? మిగతా ఏడాది వీధి చివరిదాకా నడవని మనుషులే వీళ్లు. ఆ నడకలో ఉన్నదేమిటి? ముందే తెలిసిన తేదీ ఉంది. పక్కన తోడు ఉంది. "పోయి రా, ఇల్లు మేం చూసుకుంటాం" అనే ఇంటివాళ్లు ఉన్నారు. ఆ మూడూ ఉంటే మనసు దానంతటదే వస్తుంది. లేకపోతే ఎంత గట్టి మనిషికైనా మూడు వారాలే.

అందుకని మా ఇంట్లో రెండోసారి మొదలుపెట్టినప్పుడు మనసు సంగతి పక్కనపెట్టి ఇంటి పనులు సర్దుకున్నాం. పొద్దున కాఫీ, నాయన మాత్రలు అన్న బాధ్యత. టిఫినుకు పిండి రాత్రే రుబ్బి ఉంచుతాం. ఇడ్లీ పొయ్యి మీద పెట్టేది ఇంట్లో ఎవరు ఉంటే వాళ్లు. ఆరింటికి అమ్మా వదినా, ఎదురింటి అత్తా కలిసి సేత్తూరు వైపు రోడ్డు మీద నడుస్తారు. పడమర కొండలు కనిపిస్తుంటాయి, గాలి బాగుంటుంది. మొదట్లో "ఏంటి, పొద్దున్నే ఊరేగింపా?" అని అరుగు మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. ఒక్కరే అయితే ఆ నవ్వుకే ఆగిపోయేవాళ్లు. ముగ్గురు గనక తిరిగి నవ్వారు. నాయన సాయంత్రం నడుస్తారు, మెత్తటి చెప్పులు లేకుండా అడుగు బయట పెట్టరు. ఇంటికి రాగానే అరికాళ్లు చూడడం మా చిన్నవాడి పని.

2023 నవంబరులో తమిళనాడు ప్రభుత్వం జిల్లాకొకటి చొప్పున 8 కిలోమీటర్ల నడక దారులు ప్రకటించింది. మంచి పనే. కానీ బస్సెక్కి పోయి నడిచి రావడం అందరికీ కుదరదు. మన గుమ్మం ముందు మొదలయ్యే దారే మనకు నిలుస్తుంది.

నిలవడం అంటే ఎన్నాళ్లు? 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని చాలామంది చెబుతారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన లెక్క వేరే. ఒక పని దానంతటదే అయ్యే అలవాటుగా మారడానికి వాళ్లకు కనిపించిన మధ్యస్థ లెక్క 66 రోజులు. కొందరికి 18, కొందరికి 254. మధ్యలో ఒకరోజు తప్పితే అలవాటేమీ చెడిపోలేదు కూడా. ఇది మా ఇంటికి పెద్ద ఊరట. పెళ్లికో, జ్వరానికో రెండు రోజులు ఆగగానే "పోయింది, ఇక మనవల్ల కాదు" అని వదిలేసేది మా పాత పద్ధతి. ఇప్పుడు ఆగినరోజును లెక్కలో వేయం. మళ్లీ మొదలుపెట్టిన రోజునే వేస్తాం.

రెండో ఊరట చెన్నై నుంచి వచ్చింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందితో చేసిన అధ్యయనం 2006లో వచ్చింది. మూడేళ్లలో మామూలు సలహా మాత్రమే విన్నవాళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి సర్దుకుని నడిచినవాళ్లలో 39 మందికే వచ్చింది. మమ్మల్ని ఆశ్చర్యపరిచింది ఏమంటే, ఆ నడిచినవాళ్ల బరువు పెద్దగా తగ్గలేదు. బరువు తగ్గకపోయినా లోపల మేలు జరిగింది. అన్నకు పోయినేడు షుగరు అంచున ఉందని తేలింది గనక ఈ లెక్కను వంటింటి గోడకు అంటించుకున్నాం. బరువు తూచే మిషను నెలకొకసారే తీస్తాం. రోజూ ఎక్కి చూసుకుంటే అరకిలో అటూ ఇటూ అయి మనసు విరుగుతుంది. వారానికి 150 నిమిషాల నడక అయిందా లేదా, అదొక్కటే క్యాలెండరులో గుర్తు పెడతాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే కనీస లెక్క అదే.

ఏడాదిన్నరలో ఏమైంది? నాయన నాలుగు కిలోలు తగ్గారు, షుగరు అదుపులోకి వచ్చింది, మాత్రలు మాత్రం ఆగలేదు. అమ్మ బరువు ఇంచుమించు అట్లాగే ఉంది. కానీ మేడ మీదికి ఆగకుండా ఎక్కి బట్టలు ఆరేసి వస్తోంది. మేము దీన్ని గెలుపే అంటాం.

ఇక మన నోళ్ల సంగతి. పెళ్లిలో కనబడగానే "ఏం, ఇంత లావయ్యావు?" అంటాం. ఆ పిల్ల ఆరు నెలలు కష్టపడి తగ్గితే "అయ్యో, చిక్కిపోయావేమే, ఒంట్లో బాగాలేదా?" అంటాం. రెండూ అనేది మనమే. వడ్డించేటప్పుడు వద్దంటే అలుగుతాం. తగ్గాలనుకునేవాళ్లను ఇంటివాళ్లే ఇట్లా వెనక్కి లాగుతారు. మా ఇంట్లో ఇప్పుడు రెండే నియమాలు. ఎవరి ఒంటి మీదా వ్యాఖ్యానం లేదు. వద్దన్న పళ్లెంలో రెండోసారి వడ్డన లేదు. పండగకు అరిసెలు మానలేదు, డబ్బాల కొద్దీ చేయడం మానేశాం.

కొందరికి థైరాయిడ్ ఉంటుంది, కొందరికి మోకాళ్లు అరిగి ఉంటాయి, కొందరికి వేసుకునే మందుల వల్లే ఒళ్లు వస్తుంది. వాళ్లు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి, తగ్గకపోతే సిగ్గుపడాల్సిన పనీ లేదు. "ఇంటివాళ్లంతా కలిసి కాపలా కాస్తే అది జైలు కాదా?" అని మా మామ ఒకరు అడిగారు. కాపలా కాస్తే జైలే. మేము చెప్పేది కాపలా కాదు, పని పంచుకోవడం. ఎందుకు నడవలేదని అడగకండి. నువ్వు నడిచొచ్చేదాకా పొయ్యి నేను చూస్తాననండి.

దూరంగా ఉన్నవాళ్ల కోసం ఒకటి. బెంగళూరులో ఉన్న మా చెల్లెలు సాయంత్రం నడిచేటప్పుడే నాయనకు ఫోను చేస్తుంది. ఆమె అక్కడ, ఆయన ఇక్కడ, ఇద్దరూ నడుస్తూ మాట్లాడుకుంటారు. ఆమె కూతురు కూడా పక్కన నడుస్తూ వింటుంది. ఇంట్లో కన్నడం, ఇంగ్లీషు కలిపి మాట్లాడే ఆ పిల్ల ఈ మధ్య "తాతా, ఇవాళ నీ కాలు చూసుకున్నావా?" అని తెలుగులో అడుగుతోంది. నాయన ఫోను పెట్టగానే అరుగు మీద కూర్చుని అరికాళ్లు తిప్పి చూసుకుంటారు. రేపు మళ్లీ అడుగుతుంది కదా, అబద్ధం చెప్పలేడట.